ఎడమ రెక్క నుంచి రాలిన పెంకు

ఫిబ్రవరి 27, మంగళవారం

అది కొంగ కాదు.

పదకొండేళ్లుగా చెబుతున్నాను. ఈ పుస్తకం కొత్తది కాబట్టి దీని మొదటి పేజీలో కూడా చెబుతున్నాను. డెబ్భై ఎనిమిదో ప్రయోగం రోజున, మనుషుల్ని ఆకాశానికి మోసే షటిల్ ఎడమ రెక్క కింద నుంచి తెల్లగా ఒకటి రాలడం చూశాను. చూసింది చూసినట్టు రాశాను. షటిల్‌ని ఎగరేసే ఎగురుమిట్ట ఆఫీసు వాళ్లు నా వాక్యం మీద ఎర్రగీత కొట్టి, పక్కన "పక్షి" అని టైపు చేసి తిప్పి పంపారు. షటిల్ ఇరవై రోజులకి క్షేమంగా దిగింది. ఇక ఎవరూ అడగలేదు. రేవులో జనం ఉన్న రోజుల్లో నన్ను కొంగ పోలయ్య అన్నారు. ఇప్పుడు అనడానికి జనం లేరు. రేవు ఊళ్లన్నీ ప్రయోగాల కోసం ఖాళీ చేయించారు.

నేను యాకసిరి పోలయ్యని. ఈ ఉప్పు సరస్సులో నడుము లోతు నీళ్లలో నిలబడి, పిట్ట వాలిన తీరు చూసి కింద ఏ చేప ఉందో చెప్పి వల వేసిన వాణ్ణి. కొంగ రాలదు, వాలుతుంది. చచ్చిన కొంగ కూడా ఒక రెక్క విప్పుకుని పక్కకి తిరుగుతూ పడుతుంది. గద్ద జారవిడిచిన చేప తిన్నగా పడుతుంది. ఇవి నాకు అక్షరాల కంటే ముందు వచ్చాయి. అక్షరాలు నా భార్య నా నలభయ్యో ఏట నేర్పింది, ఈ ఉద్యోగానికి రాయడం రావాలన్నారని.

ఉద్యోగం చూడడమే. ప్రతి ప్రయోగాన్నీ మనిషి కంటితో చూసి పుస్తకంలో రాయాలని చట్టం ఉంది. ఒకసారి మిషన్లన్నీ కలిసి ఒకే తప్పు చెప్పాక పెట్టిన చట్టం. అప్పట్లో ముగ్గురు సాక్షులం. దక్షిణ గట్టు సాక్షి పోయాడు. పడమర గట్టు సాక్షి మోకాళ్లు పట్టేసి మానుకున్నాడు. వాళ్ల చోట కెమెరాలు పెట్టారు, పడమర గట్టున రెండు, దక్షిణ గట్టున ఒకటి. నా తూర్పు గట్టు మీద కూడా ఒకటి పెట్టారు కానీ పోయిన వానల్లో ఉప్పుగాలికి అది చచ్చింది. బాగు చేయమని మూడుసార్లు రాశాను.

ఈ రోజు పనులు: ఉప్పునీటిని మంచినీరు చేసే మిషన్ జల్లెడ కడిగాను. తెప్ప దుంగలకి పట్టిన గుల్లలు సగం గీకాను. పీతల బుట్టలు రెండు ఎత్తాను, ఒకటి ఖాళీ.

ఉదయం ఆరింటికి గోడ మీది ఆఫీసు వాళ్ల డబ్బా అడిగింది, "సాక్షి గారూ, క్షేమమేనా?" అని. "క్షేమం" అన్నాను. ఈ రోజంతటికీ నేను మాట్లాడింది అదే.

మార్చి 2, శుక్రవారం

కాంతమ్మ వచ్చింది. చనిపోయిన నా భార్యకి చెల్లెలు. పద్నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం పడవ మీద నాకు బియ్యం, పప్పు తెచ్చే మనిషి. ఈ ఆరు వారాలు రాలేదు. నడిపేవాడు లేని మిషన్ పడవ వచ్చి, మూటలు దించి వెళ్లేది. కాంతమ్మ ఎందుకు రాలేదని ఆఫీసుని అడగలేదు. అడిగితే దిగులు పడ్డానని అనుకుంటారు.

పడవ ఇసుకకి తగలక ముందే అరిచింది.

"బావా, బతికే ఉండావా?"

"నువ్వు రాకపోతే చస్తాననుకున్నావా? మిషన్ పడవకి నీ అంత నోరు లేదు. సుఖంగా ఉండాను."

"ఆ సుఖం కనబడతానే ఉండాది. ఆ గడ్డమేంది, ముళ్లకంప మాదిరి?"

అప్పుడు చూశాను. ఆమె జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి.

"నీ జుట్టేమైందే?"

"పైన జుట్టు గాల్లో లేస్తాదంట. కత్తిరించినారు."

"పైనంటే?"

"పైవూరికి పోతా ఉండా బావా. సోమారం నాడు."

పైవూరు అంటే ఆకాశంలో తిరుగుతున్న ఊరు. నాలుగు వందల మంది ఉంటారు. ఇక్కడి నుంచి షటిల్‌లో పోయేది అక్కడికే. నేను బియ్యం మూట భుజాన పెట్టుకుని లోపలికి నడిచాను. వెనకే వచ్చింది.

"అక్కడ తొట్లలో రొయ్యలు చస్తా ఉండాయంట. చదువుకున్నోళ్లు నలుగురు చూసినారు, కారణం తెలీలా. అదే మాదిరి తొట్టి కింద ఒకటి పెట్టి నన్ను పిలిపించినారు. చెయ్యి పెట్టి చూసి చెప్పినా. ఇంక వదల్లా. ఆరు వారాలు నేర్పించినారు, పైన ఎట్టా నడవాల, ఎట్టా తినాల అని."

"రొయ్యలకి మేత ఎయ్యను ఆకాశం దాకా పోవాల్నా?"

"కింద యాడుండాయి చెరువులు? నా చెరువు మీద సముద్రం నిలబడుండాది. ఈ చేతితో పనుందని పదేళ్లుగా ఒక్కరన్నా అడిగినారా? ఇప్పుడడిగినారు. పోతా."

మూట ఒక మూల దించాను. మూడు వారాలే అంది. ఇరవై ఆరో తారీఖున దిగుతానంది. పోయేవాళ్లని ఇన్నేళ్లుగా రాస్తున్నది నేనే కదా, భయమేమీ లేదని చెప్పాను. ఆమె భయమని అనలేదు.

పడవ ఎక్కుతూ అడిగింది, "నీ గట్టు మీదగానే పోతాదంట. చెయ్యి ఊపుతావా?"

"ఊపితే నీకు కనబడతానా? నాకు పనుంటాది. రెండు కళ్లూ దాని మీదే ఉండాల."

"అట్టయితే రెప్ప ఎయ్యబాక. అది చాల్లే."

మార్చి 5, సోమవారం

నూట నలభై మూడో ప్రయోగం. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. గాలి దక్షిణం నుంచి, నెమ్మదిగా. మబ్బు లేదు. ఎగురుమిట్ట నాకు పడమర ఐదు కిలోమీటర్లు, మధ్యలో నీళ్లు. సూర్యుడు నా వెనక, సముద్రం మీద.

గడ్డం గీసుకున్నాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. ఇవి రాయవలసినవి కావు.

చూడని వాళ్లు ప్రయోగమంటే పెద్ద శబ్దం అనుకుంటారు. ముందు శబ్దం రాదు. ముందు వెలుగు. నీళ్లకి ఆ ఒడ్డున ఇంకొక పొద్దు పొడిచినట్టు ఉంటుంది, చప్పుడు ఉండదు. శబ్దం నా దగ్గరికి రావడానికి పదిహేను లెక్కపెట్టేంత సేపు పడుతుంది. నా ఉద్యోగమంతా ఆ పదిహేను లెక్కలే. శబ్దం వచ్చాక ఇసుక అదురుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, చూపు నిలవదు. అంతకు ముందు నిలుస్తుంది.

ఒకటి నుంచి ఏడు: మంట, తెల్లపొగ, నీళ్ల మీద పొగ పరుగెత్తడం. ఎనిమిది: షటిల్ ఇనుప స్తంభాన్ని దాటింది. పదకొండు: ఒళ్లు తిప్పుకుని ఎడమ రెక్క కింది భాగం నా వైపు పెట్టింది. ఎండ దాని మీద పూర్తిగా పడింది. పదమూడు: ఎడమ రెక్క కింద, చక్రం బయటికొచ్చే తలుపుకి వెనక, తెల్లటిది ఒకటి ఊడింది. పల్టీ కొట్టింది. పల్టీకి ఒక మెరుపు. మూడు మెరుపులు చూశాను. నాలుగోదానికి పొగ అడ్డం వచ్చింది.

పదిహేను: శబ్దం.

చేపలు నీళ్లలోంచి ఎగిరిపడ్డాయి. గుడిసె రేకులు మోగాయి. నా రొమ్ములో ఎవరో లోపలి నుంచి గుద్దినట్టు అయింది. ఎప్పుడూ అంతే. షటిల్ నా నెత్తి మీదుగా సముద్రం వైపు వంగి, చుక్క అయి, పోయింది. చెయ్యి ఊపానో లేదో గుర్తు లేదు. రెప్ప మాత్రం వేయలేదు.

పొగ చారిక వంకరలు తిరిగి చెదిరిపోయింది. దాని తర్వాత ఇసుక, నీళ్లు, నేను.

మార్చి 6, మంగళవారం

ఆఫీసుకి ఫోను చేశాను. జరీనా పలికింది. అంత పెద్ద ఆఫీసులో సాక్షులతో మాట్లాడటానికి పెట్టిన మనిషి ఆమె ఒక్కతే. తొమ్మిదేళ్లుగా గొంతు తెలుసు, ముఖం తెలియదు.

"పోలయ్య గారూ, మీరు నిన్న ఫోనులో చదివిన పేజీ చూశాను. మూడు కెమెరాలూ ఏమీ ఊడలేదనే చెబుతున్నాయి."

"రెండు కెమెరాలు సూర్యుడి మొహంలోకి చూస్తా ఉండాయి. మూడోది కుడి పక్కనుండాది. ఎడమ రెక్కని ఎండలో చూసింది నేనొక్కణ్ణే. నా గట్టు మీది కెమెరా చచ్చిందని మూడుసార్లు రాసినా."

"నిజమే. కానీ సిస్టమ్ ఒక కారణం సూచించింది. చెబితే కోప్పడతారు."

"చెప్పు."

"పక్షి."

ఫోను బల్ల మీద పెట్టి బయటికి వెళ్లి కొంతసేపు నిలబడి వచ్చాను. ఆమె లైనులోనే ఉంది.

"ఉన్నారా?"

"యాడికి పోతానమ్మా? చుట్టూ నీళ్లు."

నవ్వింది. తర్వాత నేనడిగిన వాటికి దాచకుండా జవాబు చెప్పింది. షటిల్ దిగేటప్పుడు గాలి రాపిడికి మంట పుడుతుంది. ఆ మంట లోపలి లోహానికి తగలకుండా కింద పెంకులు అతికిస్తారు. కొన్నిచోట్ల ఒకటి ఊడినా పర్వాలేదు.

"చక్రం తలుపు వెనకయితే?" అన్నాను.

"అక్కడైతే పర్వాలేదని నేను చెప్పలేను."

పైవూరిలో అతికే మందు ఉందంట. ఒకరు బయటికి వెళ్లి, అక్కడ ఆగి ఉన్న షటిల్ రెక్క కింద చేత్తో తడిమి చూడాలి. ఒక రోజు పని ఆపాలి. ఆధారం లేకుండా ఆపరు.

"నేను చూసింది ఆధారం కాదా?"

"మీరు రాసేది సాక్ష్యం, పోలయ్య గారూ. కెమెరా తీసేది ఆధారం. నేను పెట్టిన పేర్లు కావివి."

ఇంకొకటి కూడా చెప్పింది. "శుభ్రంగా వెళ్లింది" అని నా సంతకం లేనిదే షటిల్ దిగడానికి అనుమతి రాదు. ఇరవై మూడో తారీఖు లోపల నేను పెట్టకపోతే నా బదులు సిస్టమ్ పెడుతుంది.

ఆ షటిల్‌లో పోయినవాళ్లు ఇరవై ఆరుగురు. వాళ్లలో ఒకరికి ఎండుచేపల కూరలో చింతపండు ఎక్కువ పడాలి. మిగిలిన వాళ్ల సంగతి నాకు తెలియదు, వాళ్లకీ ఎవరో ఒకరు ఉంటారు.

మార్చి 9, శుక్రవారం

మిషన్ పడవ వచ్చింది. మూటలు దించింది. వెళ్లింది.

పెంకు నీళ్లలో పడింది. అంత తేలికగా పల్టీలు కొట్టింది మునగదు. తేలేది ఎటు పోతుందో తెలుసుకోవడానికి మాకొక పద్ధతి ఉంది. వల తెగి పోతే, తెగిన చోట ఎండు సొరబుర్ర ఒకటి వదిలి దాని వెంట పోతాం. వల ఎటు పోయిందో బుర్ర అటే తీసుకుపోతుంది. తెప్ప వేసుకుని మూడు మెరుపుల కింద చోటికి వెళ్లి, పోటు సోమవారం ఉదయం మాదిరే ఉన్న వేళ చూసుకుని బుర్ర వదిలాను. దాని వెనకే తెడ్డు వేశాను.

నాలుగు గంటలు. బుర్ర ఉత్తరానికి కొట్టుకుపోయింది, మధ్యాహ్నం ఒక చోట గుండ్రంగా తిరిగింది, తర్వాత మడ చెట్ల వైపు మళ్లింది. అక్కడ పొద్దుపోయింది. భుజాలు పనికిరాకుండా పోయాయి. డెబ్భై ఒకటో ఏట తెడ్డు బరువు తెలుస్తుంది. రేపు మళ్లీ.

కాంతమ్మ ఉంటే తెప్ప వెనక కూర్చుని, నా తెడ్డు వంకర అని సాయంత్రం దాకా తిట్టి ఉండేది.

మార్చి 12, సోమవారం

దొరికింది.

మడ వేళ్ల మధ్య, పోటు నీళ్లు రోజుకి రెండుసార్లు ముంచి తీసే చోట. రెండు అరచేతులంత ఉంది. ఒక మూల విరిగింది. ఒక పక్క నల్లగా గాజులాగా, విరిగిన చోట సున్నంలాగా తెల్లగా ఉంది. చేతిలో పెట్టుకుంటే బరువు లేదు, అప్పడంలాగా ఉంది. వెనక అంకెలున్నాయి.

జరీనాకి అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పాను. రెండుసార్లు చదివించింది.

"ఇది ఎడమ రెక్కదే. చక్రం తలుపు వెనకది," అంది. "దీన్ని ఎవరికీ ఇవ్వకండి. ఈ అంకెలు పెద్దాఫీసుకి నేనే పంపుతాను."

"పదమూడో లెక్క దగ్గర ఊడింది అని రాయి."

"రాస్తాను."

"పక్షికి అంకెలుండవని కూడా రాయి."

"అది నేను రాయలేను. కానీ చదివి వినిపిస్తాను."

మార్చి 14, బుధవారం

పైన ఉన్నవాళ్లు కింద ఒకరితో వారానికి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. కాంతమ్మ నా పేరు ఇచ్చింది. నాకు తెలియదు. డబ్బా మోగి, "మీకు పిలుపు" అంది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య కాస్త ఆలస్యం ఉంటుంది.

"బావా! వినబడతా ఉండానా? ఈడ కిందా పైనా లేదు బావా. రొయ్యలకీ అదే జబ్బు. ఏది కిందో తెలీక తిండి మానేసినాయి. తొట్టికి ఒక పక్క దీపం పెట్టి, దీపం లేని పక్క మేత ఎయ్యమన్నా. నిన్నట్నుంచి తింటా ఉండాయి."

"మంచిది."

"మంచిదా? అంతేనా? నాలుగు వందల మంది చప్పట్లు కొట్టినారు నాకు. ఏంది, నీ గొంతట్టుండాది?"

పెంకు సంగతి కాంతమ్మకి చెప్పవద్దని జరీనా ముందే అంది. పైన ఆమె చేయగలిగింది లేదు, దిగులు తప్ప అంది. మూడు నిమిషాల్లో సగం అయిపోయింది. నాకు దాచడం రాదు.

"నువ్వు పోయిన షటిల్‌కి ఎడమ రెక్క కింద పెంకు ఊడింది. ఆఫీసోళ్లు ఇంకా ఊడలేదనే అంటా ఉండారు."

ఆలస్యం. ఇందాకటి కంటే ఎక్కువ.

"నువ్వు చూసినావా?"

"చూసినా."

"అయితే ఊడింది. దాంట్లో అడిగేదేముండాది?"

పదకొండేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. డబ్బాకి దగ్గరగా జరిగాను. ఆమే అంది, "షటిల్ నడిపే ఆయన మంచోడే. పోయి చెప్తా. బయటికి పోయి చూడమంటా." ఆలస్యం. "కింద నుంచి ఆర్డరు లేకపోతే తలుపు తీయరేమో బావా ఈడ. నువ్వు ఆర్డరు తెప్పీ."

"తెప్పిస్తా."

"అన్నం తిన్నావా?"

లైను కట్ అయింది. తినలేదని చెప్పే అవసరం లేకపోయింది.

మార్చి 17, శనివారం

మిషన్ పడవ మూటల రోజు కాకపోయినా వచ్చింది. కవరు తెచ్చింది. ఎగురుమిట్ట పెద్దాఫీసు ముద్ర, కింద నిజం మనిషి సంతకం. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

శ్రీ యాకసిరి పోలయ్య గారికి. మీకు దొరికిన పెంకు మా షటిల్‌దే. పదకొండేళ్ల క్రితం డెబ్భై ఎనిమిదో ప్రయోగం తర్వాత సరిగ్గా ఆ చోటనే పెంకు లేకపోవడం గుర్తించి అవే అంకెలతో కొత్తది అతికించినట్టు మా రికార్డులో ఉంది. కాబట్టి మీకు దొరికినది ఆనాటి పెంకు. ఆనాడు మీరు రాసినదే నిజం. "పక్షి" అన్న మాట తొలగిస్తున్నాము. మీ చూపుకి గుర్తింపుగా ఉగాదికి సన్మానం ఏర్పాటు చేస్తున్నాము. నూట నలభై మూడో ప్రయోగానికి సంబంధించి ఇక సందేహం లేదు కనుక, దయచేసి "శుభ్రంగా వెళ్లింది" అని సంతకం చేసి ఇదే పడవలో పంపగలరు.

నాలుగుసార్లు చదివాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదటి మూడుసార్లూ సంతోషంతో చదివాను. ఆనాడు మీరు రాసినదే నిజం. ఆ వాక్యాన్ని వేలితో తడిమాను. బయటికి వెళ్లి గట్టిగా చదివాను. వినడానికి ఎవరూ లేరు, అయినా చదివాను.

నాలుగోసారికి అర్థమైంది. ఎవరూ కొంగని చూడలేదు. పెంకు లేదని వాళ్లకి అప్పుడే తెలుసు. తెలిసి, కొత్తది అతికించి, నన్ను పదకొండేళ్లు కొంగ పోలయ్యని చేశారు. ఇప్పుడు ఆ నిజాన్ని బయటికి తీసింది నా కోసం కాదు. నా నోరు మూయడానికి.

మిషన్ పడవ సంతకం కోసం రేవులో ఆగి ఉంది. ఖాళీగా పంపాను. పోయే ముందు మూడుసార్లు కూత వేసింది.

మార్చి 18, ఆదివారం

ఎగురుమిట్ట పెద్దాఫీసుకి. ఈ పేజీని జరీనాకి ఫోనులో చదివి వినిపిస్తున్నాను. ఆమె టైపు చేసి మీ బల్ల మీద పెడతానంది. ఆమె ఉద్యోగం జోలికి వెళ్లకండి.

నాకు దొరికిన పెంకు పదకొండేళ్ల నాటిది కాదు. ఈ సరస్సులో తాడు పది రోజులు మునిగితే పాచి పడుతుంది. నెలకి గుల్ల కరుచుకుంటుంది. ఏడాది మునిగిన దుంగ దుంగలా ఉండదు, గుల్లల దిబ్బలా ఉంటుంది. పెంకు మీద పాచి లేదు, గుల్ల లేదు. విరిగిన మూల కొత్త సున్నంలా తెల్లగా ఉంది. వారం రోజుల కంటే ఎక్కువ అది నీళ్లలో లేదు. మీ ఆఫీసులో చదువుకున్న వాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్లలో చెయ్యి పెట్టిన వాళ్లు ఉంటే వాళ్లని అడగండి.

ఒకే చోట రెండుసార్లు ఊడింది. మొదటిసారి దిగింది కదా అంటారు. అప్పుడు బతికిపోయారు. ఇప్పుడు కూడా బతుకుతారని నా చేత సంతకం పెట్టించకండి.

సన్మానం వద్దు. డెబ్భై ఎనిమిదో ప్రయోగం దగ్గర ఎర్రగీత మళ్లీ కొట్టుకోవాలంటే కొట్టుకోండి. పక్షి అని పెద్ద అక్షరాలతో రాసుకోండి. నేనే చూడక రాశానని కింద వేలిముద్ర వేసి ఇస్తాను, నా నోటితో పదిమందిలో చెబుతాను. నాకు కావలసింది అది కాదు. పైన ఒక మనిషి బయటికి వెళ్లి, ఎడమ రెక్క కింద, చక్రం తలుపు వెనక, చెయ్యి పెట్టి చూడాలి. పెంకు ఉంటే నా కళ్లు పోయాయని ఒప్పుకుని, అదే రోజు సంతకం పెట్టి, ఈ గట్టు దిగి వెళ్లిపోతాను. గుంట ఉంటే మందు వేసి అతికించండి.

నడిపే ఆయనకి కాంతమ్మ చెప్పిందంట. ఆర్డరు వస్తే గంటలో బయటికి వెళతానన్నాడంట. జరీనా కనుక్కుంది. ఇక మీరే మిగిలారు.

నా సంతకం చోటు ఖాళీగా ఉంది. ఇరవై మూడున సిస్టమ్ పెట్టేస్తుందని నాకు తెలుసు. కాబట్టి ఇరవై రెండో తారీఖు, గురువారం, సాయంత్రం ఆరు గంటల లోపల నాకు జవాబు కావాలి. బయటికి ఎవరు వెళ్లారు, పేరు చెప్పండి. ఏ చెయ్యి పెట్టారు, ఆ చేతికి ఏం తగిలింది, చెప్పండి. పరిశీలిస్తున్నాము అన్నది జవాబు కాదు. గురువారం, ఆరు గంటలు. ఫోను దగ్గరే కూర్చుని ఉంటాను.